పాలంపేట దారిలో పరదా పాఠం

మా తమ్ముడి క్యాంపర్ ట్రైలర్ చిన్నది. కారు వెనక తగిలించుకుంటే చాలు, ఎటైనా వస్తుంది. లోపల ఇద్దరు పడుకునే పరుపు, వెనక తలుపెత్తితే వంట గట్టు. హబ్సిగూడ స్ట్రీట్ నంబర్ 8 పక్క సందులో బాదం చెట్టు కింద దాని మకాం. పైన పావురాలు, పక్కన ఉప్పల్ రోడ్డు దుమ్ము, నడినెత్తిన వేసవి ఎండ. రామప్ప గుడికి బయల్దేరేలోగా దానికో ముసుగు కావాలి. బజారులో దొరికేవన్నీ కార్ల కొలతలవి. కాబట్టి బట్ట కొని కుట్టించాలి.

మెట్రోలో తార్నాక, మెట్టుగూడ దాటి పారడైజ్‌లో దిగి రాణీగంజ్‌కు నడిచాం. టార్పాలిన్ దుకాణాయన మొదటి మాటే, "లారీకా, వడ్లకా, ఇంటికా సార్?" ట్రైలర్ అనగానే ఒక్క క్షణం ఆలోచించి మూడు రకాలు ముందు పరిచాడు. నీలం ప్లాస్టిక్ పట్టా చవక. కానీ ఎండకు పెళుసెక్కి పొరలు పొరలుగా రాలిపోతుంది. లారీల మీద కప్పే కాన్వాస్ గట్టిదే, గాలీ ఆడుతుంది. తడిస్తే మాత్రం ఇద్దరు మోయాలి. మూడోది పూత వేసిన పాలిస్టర్. తేలిక, నీళ్లు దిగవు, గాలీ ఆడదు. ఇక్కడ మందాన్ని జీఎస్ఎమ్‌లో చెబుతారు, అంటే చదరపు మీటరుకు ఎన్ని గ్రాములని. ఆ అంకె బరువే చెబుతుంది, ఎండకు ఆగుతుందా లేదా అన్నది చెప్పదు. అది విడిగా అడగాలి. మేం లేత బూడిద రంగు పాలిస్టర్ తీసుకున్నాం. ముదురు రంగు వేడిని పట్టేస్తుంది.

కుట్టింది నాచారం పారిశ్రామికవాడ దగ్గర, సీటు కవర్లు కుట్టే ఒక షాపులో. టేపు పట్టుకుని ట్రైలర్ చుట్టూ తిరిగిన మాస్టరు పొడవు, ఎత్తుతో ఊరుకోలేదు. చక్రాల మీది రేకు ఎంత బయటికి వచ్చింది, ముందు కొక్కెం ఎక్కడ మొదలైంది, ఎక్కడెక్కడ పదునైన అంచులున్నాయి, అన్నీ సుద్దముక్కతో గీసుకున్నాడు. "గాలికి ముందు చినిగేది మూలనే సార్, ఆడ డబల్ పట్టీ వేస్త," అన్నాడు. కిటికీలు గీసుకుపోకుండా లోపల మెత్తటి గుడ్డ, రెండు కొసల్లో గొడుగు మూతలున్న గాలి రంధ్రాలు, అడుగు నుంచి బిగించే బెల్టులు పెట్టాడు. తాడైతే ఊరికే వదులవుతుందట.

ఏప్రిల్ చివరి వారం, తెల్లవారుజామున బయల్దేరాం. ముసుగు మడిచి డిక్కీలో పెట్టాం. లాగుతున్న బండికి ముసుగు వేయకూడదు. గాలికి కొట్టుకుంటూ అడుగున ఉన్న దుమ్ముతో గరుకు కాగితంలా రంగును గీకేస్తుంది, వెనక లైట్లనూ మూసేస్తుంది. ఉప్పల్ నుంచి 163వ నంబరు జాతీయ రహదారి పట్టుకుంటే ములుగు దాకా అదే రోడ్డు. ఘట్‌కేసర్, బీబీనగర్ దాటాక ఏకశిల మీది భువనగిరి కోట కనిపించింది. ఆలేరు దాటి జనగామ వైపు వెళ్తుంటే రోడ్డు వారన యాసంగి వడ్లు. కుప్పల మీద పరదాలు, పరదాల మీద రాళ్లు.

టీ కోసం ఆగిన చోట ఒక రైతు పరదా గుంజుతున్నాడు. మబ్బు ఇంకా పూర్తిగా విడలేదు. వాన పడితే ఎలా అని అడిగాను.

"పడితే మల్ల కప్పుత సారూ. పొద్దంత కప్పి పెడితే లోపల ఉమ్మదిస్తది, గింజ మొలకెత్తుతది," అంటూ పరదాను తిరగేశాడు. లోపలి వైపంతా సన్నటి నీటి బొట్లు. రాత్రి చినుకు కూడా పడలేదట. ఆ తడి వడ్లదే. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే వడ్లు తీసుకోరు. అందుకే వాన ఒక్కటే కాదు, పరదా కింది ఆవిరి కూడా ఆయనకు శత్రువే.

ఆ రాత్రి హనుమకొండలో బంధువుల ఇంట్లో బస. ట్రైలర్‌ను తుడిచి, ఆరాక ముసుగు వేశాం. అర్ధరాత్రి ఈదురుగాలితో వాన. మాస్టరు డబల్ పట్టీ వేసిన మూలలు చెక్కుచెదరలేదు. పొద్దున్నే ముసుగు తీసి, తిరగేసి, దండెం మీద వేశాం. గాలి రంధ్రాల దగ్గర పొడిగా ఉంది. మధ్యలో చెయ్యి పెడితే సన్నగా తడి తగిలింది.

జంగాలపల్లి దగ్గర మలుపు తిరిగి పాలంపేట చేరాం. రామప్ప గుడి ఇక్కడే. కాకతీయ గణపతిదేవుని కాలంలో ఆయన సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి ఇది. 2021లో యునెస్కో జాబితాకెక్కింది. శిఖరానికి నీళ్లలో తేలేంత తేలిక ఇటుకలు వాడారు. పైకప్పు బరువు తగ్గించాలన్న సంగతి ఆ స్థపతులకు తెలుసు. ఆ రాత్రి రామప్ప చెరువు దగ్గర, అనుమతి తీసుకున్న చోట, ట్రైలర్‌లోనే పడుకున్నాం. ముసుగు మాత్రం వేయలేదు. లోపల మనుషులున్నప్పుడు గాలి ఆడాలి.

మీరూ ఇలాంటి బండికి ముసుగు కుట్టిస్తుంటే బట్ట మందం కంటే ముందు గాలి రంధ్రాలు, మూలల పట్టీలు, అడుగు బెల్టుల సంగతి చూసుకోండి. తడి బండికి, దుమ్ము బండికి వేయకండి. వాన వెలవగానే తీసి ఆరబెట్టండి. అంత ఓపిక లేదనుకుంటే ముసుగు జోలికి పోకండి, నాలుగు స్తంభాలు పాతి రేకులు వేయించడమే మేలు.