గీతల మధ్య కాస్త జాగా

బాలానగర్ షెడ్డులో లేత్ ముందు నిలబడ్డ టర్నర్‌కి ఆ బొమ్మ గీసిందెవరో తెలియదు. కాగితం ఏం చెబితే ఇనుము అలా తయారవుతుంది. 33 అనే అంకె మీదుగా ఓ కొలత గీత పోయి, అది 38లా కనిపించిందా... బోరు 5 మిల్లీమీటర్లు పెద్దదైపోతుంది. ముక్క తుక్కులోకి, ఆ పూట కష్టం గంగలోకి!

అందుకే పాలిటెక్నిక్‌లో డ్రాయింగ్ మాస్టార్లు అంతగా పోరేది. బొమ్మ అంచు మందంగా, కొలత గీత సన్నగా ఉండాలి. మొదటి కొలత గీతకీ అంచుకీ మధ్య సుమారు 10 మి.మీ. వదలాలి. చిన్న కొలతలు లోపల, పెద్దవి బయట. అప్పుడే గీతలు ఒకదాన్నొకటి దాటవు. ఒక కొలత ఒక్కసారే ఇవ్వాలి.

1982లో ఆటోక్యాడ్ వచ్చింది. టీస్క్వేర్లు క్రమంగా అటకెక్కాయి. నియమాలు మాత్రం మారలేదు. ‘డిమ్‌స్పేస్’ అంటే గీతలు సమదూరంలో సర్దుకుంటాయి. ‘డిమ్‌బ్రేక్’ అంటే అడ్డొచ్చిన చోట తెగి దారిస్తాయి. కానీ ఏ కొలత ఎవరికి అవసరమో కంప్యూటర్‌కేం తెలుసు? పైగా తెరమీద ఎంతైనా పెద్దది చేసి చూడొచ్చు. నూనె మరకల కాగితానికి ఆ సదుపాయం లేదు.

సులువైన పరీక్ష ఒకటుంది. ప్రింటు తీసి, చేయి చాచినంత దూరంలో పెట్టుకుని చదవడం. ప్రతి అంకే తడుముకోకుండా కనిపిస్తే బొమ్మ పంపొచ్చు. లేదంటే, ఇంకో గీతని పక్కకి జరపాల్సిందే.