లాగ్ ఫైలులో పేరు ఎవరు రాశారు?

డొమైన్ పేరు ఇస్తే ఐపీ అడ్రసు చెప్పడం డీఎన్ఎస్ పని అని చాలామందికి తెలుసు. అడ్రసు ఇస్తే పేరు చెప్పడం కూడా దాని పనే. దాన్ని రివర్స్ లుకప్ అంటారు. ఈ రెండోదాన్ని ఎంతవరకు నమ్మొచ్చన్న ప్రశ్న నాకు ఉద్యోగంలో ఎదురయ్యింది.

నేను పని చేసే చోట ఒక రాత్రి ఎవరో సర్వర్‌లోకి దూరారు. లాగ్ ఫైలులో ఒక పోటీ కంపెనీ డొమైన్ పేరు కనిపించింది. అంతకు నెల ముందు మా దగ్గర మానేసిన ఒక కుర్రాడు చేరింది ఆ కంపెనీలోనే. ఇంకేముంది, దొంగ దొరికాడన్నారు. అతనికి రావలసిన జీతం ఆపేశారు. "పేరు అంత స్పష్టంగా ఉంటే ఇంకా ఆలోచన ఏమిటండీ?" అన్నారు మేనేజరు గారు. ఆ పేరు ఎవరు రాశారని మాత్రం ఎవరూ అడగలేదు.

ఫైర్‌వాల్ రికార్డులో అసలు అడ్రసు దొరికింది. సీ భాషలో ఇందుకు రెడీమేడ్ ఫంక్షన్లున్నాయి కానీ అవి పేరొక్కటే చేతిలో పెడతాయి. నాకు జవాబు మొత్తం బైటు బైటుగా చూడాలనిపించింది. అందుకని సొంతంగా రాశాను. పద్ధతంతా 1987లో పాల్ మోకాపెట్రిస్ రాసిన ఆర్ఎఫ్‌సీ 1035లో ఉంది.

గూగుల్ వాళ్ళ 8.8.4.4 తీసుకోండి. దాన్ని తిరగేసి 4.4.8.8.ఇన్-యాడర్.ఆర్పా అని అడగాలి. తిరగెయ్యడం ఎందుకంటే, ఉత్తరం మీద చిరునామాలో ఊరు చివర వస్తుంది, ఫోను నంబరులో ఎస్టీడీ కోడు ముందు వస్తుంది. డొమైన్ పేరు మొదటి రకం, ఐపీ అడ్రసు రెండో రకం. సందేశంలో చుక్కలు వెళ్ళవు. ప్రతి ముక్కకీ ముందు దాని పొడవు, చివర ఒక సున్నా. ఇక్కడ పేరుకి 22 బైట్లు, ముందుండే హెడర్‌కి 12, పీటీఆర్ అని చెప్పే రకం, క్లాసు కలిపి 4. మొత్తం 38 బైట్లు. రెండు బైట్ల అంకెల్లో పెద్ద బైటు ముందు వెళ్ళాలి. మన ఇంటెల్ మెషీన్లు ఉల్టాగా దాస్తాయి కాబట్టి మార్చి పంపాలి.

అసలు చిక్కు డీకోడింగ్‌లో. జవాబులో ఒకసారి వచ్చిన పేరుని మళ్ళీ రాయకుండా 192, 12 అని రెండు బైట్లు పెడతారు. 12వ బైటు దగ్గర చూసుకోమని అర్థం. మామూలు చార్‌లో చదివితే చాలా మెషీన్లలో ఆ 192 కాస్తా మైనస్ 64 అవుతుంది. ఎవడైనా తన చోటికే చూపించే పాయింటర్ పంపితే ప్రోగ్రాం అక్కడే గిరగిరా తిరుగుతుంది. ఇదేదో చాదస్తం అనుకోకండి. 2021లో నేమ్:రెక్ పేరుతో నాలుగు టీసీపీ/ఐపీ స్టాక్‌లలో 9 లోపాలు బయటపెట్టారు. వాటిలో చాలావరకు ఈ కుదింపుని విప్పడంలోవే. నేను పెట్టుకున్న షరతు ఒకటే: ప్రతి గెంతూ అంతకు ముందున్న చోటు కన్నా వెనక్కే వెళ్ళాలి. అవతలివాడు బుద్ధిమంతుడని నమ్మి డీకోడర్ రాయకూడదు.

ఇంతా చేస్తే నా ప్రోగ్రాం కూడా ఆ పోటీ కంపెనీ పేరే చెప్పింది. డీకోడింగ్ సరిగ్గా ఉన్నంత మాత్రాన అందులో ఉన్న మాట నిజం కావాలని లేదు కదా. రివర్స్ రికార్డు ఆ అడ్రసు ఎవరి అధీనంలో ఉందో వాళ్ళు రాసుకునేది. అందులో ఎవరి పేరైనా రాసుకోవచ్చు. ఈ మోసంతో సిస్టమ్‌లలోకి ఎలా చొరబడొచ్చో స్టీవెన్ బెలోవిన్ 1995లో ప్రచురించిన పేపరులోనే వివరించాడు. విరుగుడు తేలిక. వచ్చిన పేరుని మళ్ళీ అడ్రసు అడగాలి. ఆ జవాబు పేరుగలవాళ్ళ చేతిలో ఉంటుంది. అడిగాను. రెండు అడ్రసులు వచ్చాయి. మా ఫైర్‌వాల్‌లో ఉన్నది వాటిలో లేదు.

నిజానికి ఇది ఒక్కోసారి బద్ధకం వల్ల కూడా జరుగుతుంది, సరిచూసుకోని అడ్మిన్‌లు బోలెడుమంది. ఆ మాట కూడా చేర్చి ప్రింటు తీసి ఇచ్చాను.

"అయితే ఆ అబ్బాయి చెయ్యలేదంటారా?" అన్నారు మేనేజరు గారు.

"నాకు తెలీదండీ. చేశాడని మాత్రం ఈ లాగు చెప్పటం లేదు."

ఆయనకి ఆ జవాబు నచ్చలేదు. మూడు వారాల తర్వాత జీతం ఇచ్చారు, క్షమాపణ లేకుండా. ఆ రాత్రి వచ్చిందెవరో ఇప్పటికీ తేలలేదు. లాగులో పేరు పక్కన అడ్రసు కూడా పడేలా మార్చాను.