బాసెల్ నగరము: మూడు దేశముల పొలిమేర



ఒకప్పుడు మన స్త్రీలకు దూరయాత్ర యనగా కాశియో రామేశ్వరమో. ఇప్పుడు కూతురి పురుటికో, కోడలికి సాయమునకో, మనుమల ముద్దుముచ్చటలు చూచుటకో సముద్రములు దాటిపోయిన గృహిణి లేని వీధి మన పట్టణములలో అరుదు. అట్టి యాత్రలలో చూడదగిన స్థలములను గూర్చి వ్రాయువారు పెక్కుమంది గలరు. చేతిలోని సెల్‌ఫోను పరదేశమున నెట్లు ప్రవర్తించునో, దానికగు వ్యయమెట్టిదో తెలుపువారు మాత్రము కొలదిమందియే. ఈ రెండును ఒక్కచోటనే తెలిసికొనదగిన యూరొకటి ఐరోపా ఖండమున గలదు. అది స్విట్జర్లాండు దేశమునందలి బాసెల్ నగరము. 2024వ సంవత్సరపు వేసవిలో ఒక నెల దినములు నేనచ్చట నుంటిని.

ఆల్ప్సు పర్వతములలో పుట్టిన రైను నది పడమరగా ప్రవహించి వచ్చి, ఈ నగరమున మోకాలు మడిచినట్లు వంగి ఉత్తరమునకు తిరుగుచున్నది. ఆ వంపునకు ఇరుప్రక్కల నున్నది బాసెల్. ఎడమగట్టున నున్న భాగము పెద్ద బాసెల్. కుడిగట్టున నున్నది చిన్న బాసెల్. రెంటిని కలుపు నడిమి వంతెనను మొట్టమొదట 1226వ సంవత్సరమున కట్టిరి. ఇప్పుడు మనము నడచు రాతి వంతెన 1905 నాటిది. పెద్ద బాసెలునందు, నదికి పైన మిట్టమీద, ఎఱ్ఱని యిసుకరాతితో కట్టిన ప్రధాన దేవాలయము గలదు. 1356వ సంవత్సరమున కలిగిన గొప్ప భూకంపమున దాని గోపురములు కూలగా మరల కట్టుకొనిరి. ఎరాస్మస్ అను మహాపండితుడు 1536లో ఈ యూరనే కన్నుమూసెను. ఆయన సమాధి యీ యాలయముననే యున్నది. ఆలయము వెనుక నొక విశాలమైన అరుగు గలదు. అచ్చట చెట్లనీడను కూర్చుండి చూచిన, క్రింద పచ్చని రైను నదియు, దూరమున జర్మనీ కొండలును, ఫ్రాన్సు కొండలును ఒక్కమారే కనబడును.

ఆ యరుగు క్రిందనే యొక రేవు గలదు. అచ్చటి పడవకు యంత్రము లేదు, తెడ్డును లేదు. నదికి అడ్డముగా పైన కట్టిన ఇనుప త్రాటికి పడవను తగిలించి, చుక్కాని నొక ప్రక్కకు త్రిప్పిన, ప్రవాహమే దానిని ఆవలి యొడ్డునకు నెట్టుకొని పోవును. మన గోదావరి రేవులలో పడవలెక్కి యలవాటైన నాకు ఈ యేర్పాటు మిక్కిలి ముచ్చట గొల్పినది. వేసవి సాయంకాలములందు ఊరిలోని ఆడువారు, మగవారు, వృద్ధులు సైతము నదిలోనికి దిగి, ప్రవాహముతో పాటు తేలుచు పోవుదురు. బట్టలును, తాళపుచెవులును, ఫోనును ఒక నీరు చొరని సంచిలో పెట్టి, ఆ సంచిని పట్టుకొని యీదుదురు. ఆ సంచి చేప యాకారమున నుండును.

ఇక నీ నగరపు విశేషము దాని పొలిమేర. ఊరి చివరనే స్విట్జర్లాండు, జర్మనీ, ఫ్రాన్సు అను మూడు దేశములు కలియుచున్నవి. సరిగా కలియు చోటు నది నడుమ నున్నందున, ఒడ్డున నొక స్తంభమును గుర్తుగా నిలిపిరి. ఎనిమిదవ నంబరు ట్రాముబండి యెక్కిన, అది తిన్నగా జర్మనీలోని వైల్ అను ఊరికి పోవును. ఈ మార్గము 2014 డిసెంబరులో తెరవబడినది. మూడవ నంబరు ట్రాము ఫ్రాన్సులోని సెయింట్ లూయీకి 2017 డిసెంబరు నుండి పోవుచున్నది. విమానాశ్రయము ఫ్రాన్సు నేలమీద నున్నను, దానిని ఫ్రాన్సును స్విట్జర్లాండును కలిసి నడుపుకొనుచున్నవి. నగరములోని రైలుస్టేషనులలో నొకటి స్విట్జర్లాండు నేలమీద నున్నను జర్మనీ రైల్వేవారిది. వైల్‌కును, ఫ్రాన్సులోని యునెంగ్ అను ఊరికిని నడుమ, కాలినడకవారికిని సైకిలువారికిని మాత్రమే యేర్పడిన 248 మీటర్ల వంతెన 2007 నుండి యున్నది. మధ్యాహ్నము స్విట్జర్లాండున భోజనము చేసి, ఆ వంతెన దాటి ఫ్రాన్సున రొట్టె కొనుక్కొని, జర్మనీలో కూరలు తెచ్చుకొనుట అచ్చటి గృహిణులకు నిత్యకృత్యము. స్విట్జర్లాండున ధరలు మిక్కుటము. కావున శనివారము నాడు ఎనిమిదవ నంబరు ట్రాము నిండ సంచులతో ఇల్లాండ్రే యుందురు.

స్విట్జర్లాండు 2008 డిసెంబరు నుండి షెంగెను ఒడంబడికలో చేరియున్నది. అందుచే ఈ పొలిమేరలలో సాధారణముగా మనుష్యుల నాపి పాస్‌పోర్టు చూచువారుండరు. కాని యా దేశము ఐరోపా సమాఖ్యలో సభ్యురాలు కాదు. నాణెము వేఱు, సుంకములు వేఱు, మన ఫోనుల లెక్కయు వేఱు. కంటికి కానరాని గీటు ఒకటి యచ్చట ట్రాము పట్టాల నడుమ నుండి పోవుచున్నది. దానిని మనము మఱచినను ఫోను మఱవదు.

ఇది యెట్లు జరుగునో చెప్పెదను. మనము పరదేశమున ఫోను తెఱచినంతనే, అచ్చటి కంపెనీ స్తంభమొకటి దానిని గుర్తించి, మన దేశపు కంపెనీని “ఈమె మీ చందాదారేనా? ఈమె ఖర్చు మీరు భరింతురా?” అని యడుగును. వారు సరేయనిన, మనకు సత్రములో చోటు దొరకినట్లే. దీనినే రోమింగు అందురు. సత్రపు యజమాని తన రేటు మన కంపెనీవద్ద వసూలు చేయును. మన కంపెనీ దానిపై తన లాభమును చేర్చి మనవద్ద తీసికొనును. ఇంటివద్ద నొక కంపెనీ రేటు హెచ్చించిన మఱియొక కంపెనీకి పోవచ్చును. అర్ధరాత్రి పరాయి విమానాశ్రయమున దిగిన బాటసారికి అట్టి వీలెక్కడిది? అందుచేతనే యీ ధరలు చిరకాలము ఆకాశమునంటి యుండెను. పైగా, మన దేశమున వచ్చిన పిలుపునకు మనమేమియు నియ్యము. పరదేశమున ప్రత్యేక ప్యాకు లేనిచో పెక్కు పథకములలో వచ్చిన పిలుపునకును మనమే చెల్లింపవలెను.

ఐరోపా సమాఖ్యవారు దీనికి చట్టము చేసిరి. 2007లో, పరదేశమునుండి చేయు పిలుపునకు నిమిషమునకు 49 సెంట్లకును, వచ్చిన పిలుపునకు 24 సెంట్లకును, పన్నుగాక, మించరాదని విధించిరి. 2010లో, ఇంటర్నెట్టు వ్యయము 50 యూరోలు చేరగనే, చందాదారు వేఱుగా కోరనిచో, దానంతట నది నిలిచిపోవలెనని నియమించిరి. 2017 జూన్ 15వ తేదీ నుండి సమాఖ్యలోని దేశములలో తిరుగువారికి సాధారణముగా రోమింగు రుసుమే లేకుండ జేసిరి. ఈ యేర్పాటును 2022లో మఱి పదేండ్లు పొడిగించిరి. వైల్‌లో సిమ్ము కొన్న జర్మను గృహిణి యునెంగ్‌కు పోయినను తన యూరి ధరకే మాటలాడుచున్నది. స్విట్జర్లాండు ఈ చట్టమున చేరినది కాదు. కొన్ని జర్మను పథకములలో ఆ దేశమును కలుపుదురు, కొన్నింటిలో కలుపరు. మన దేశమునుండి కొనిపోవు ప్యాకులును అంతియే; “ఐరోపా” యని పైన వ్రాసియున్నను లోపలి పట్టికలో నే దేశములున్నవో చూచుకొనవలెను.

ఇందువలని కష్టము సొమ్ముతో పోయెడిది కాదని యొక సోదరి వృత్తాంతము వలన తెలిసినది. ఆమె తెనాలి ప్రాంతమువారు. కూతురి పురుటికి వైల్‌కు వచ్చిరి. కుమారుడు హైదరాబాదునుండి ఆమెకొక ప్యాకు తీసి పంపెను. అది జర్మనీకి చెల్లును, స్విట్జర్లాండునకు చెల్లదు. సాయంకాలము నదియొడ్డున షికారు పోవుట ఆమె కలవాటు. ఆమె పొలిమేర దాటనే లేదు. కాని ఆవలి దేశపు స్తంభము దగ్గఱగా నుండుటచే ఫోను దానిని పట్టుకొనెను. గాలిలో వచ్చు ఆ తరంగములకు గట్లు లేవు గదా! బంధువుల గుంపులో వచ్చు వీడియోలన్నియు వాటంతట నవి దిగుచుండెను. నెల తిరుగునప్పటికి పదునెనిమిది వేల రూపాయల బిల్లు వచ్చినది. కంపెనీవారు తమ తప్పు లేదనిరి.

ఆమె మిక్కిలి భయపడి ఫోను కట్టి పెట్టెలో పెట్టిరి. ఇంటిలో వైఫై యుండెను గాని, ఊరిలో నున్న ఆమె తల్లికి వాట్సాపు తెలియదు. ప్రక్కయింటివారి ఫోనునుండి కుమార్తె నంబరునకు పిలుచుటయే యామె కలవాటు. ఆ దినములలోనే యా వృద్ధురాలు దొడ్డిలో జారిపడి తుంటియెముక విఱుగగా ఆసుపత్రిలో చేర్చిరి. ప్రక్కయింటివారు పిలిచి పిలిచి విసిగిరి. మనుమని నంబరు సంపాదించి, వార్త చేరవేయునప్పటికి మూడు దినములు గడచెను. శస్త్రచికిత్స కూడ అప్పటికే జరిగిపోయినది. తల్లి కోలుకొన్నది. అయినను “పిన్నిగారూ, మా అమ్మ కత్తికోతకు పోవుచు నా గొంతు వినవలెనని అడిగినదట!” అని యా సోదరి నాతో చెప్పునప్పుడు ఆమె కంట తడియాఱలేదు. పదునెనిమిది వేలను గూర్చి యామె మఱల నెత్తలేదు.

పూర్వము తంతి యిచ్చునప్పుడు మాటలు లెక్కించి వ్రాసెడివారము. మాట మాటకును కాసు గదా! ఆ తంతి మన దేశమున 2013 జూలైలో అంతరించినది. ట్రంకుకాలు దినములలో మూడు నిమిషములలో క్షేమసమాచారమంతయు ముగించెడివారము. ఆనాడు వ్యయమెంతయో ముందుగనే తెలిసియుండెను. ఈనాడు మాట చవుకైనది; తెలియకపోవుట వలననే యది ప్రియమగుచున్నది. మెగాబైటునకు పది రూపాయలని యుదాహరణకనుకొనుడు. గుంపులో వచ్చిన యొక పెండ్లి వీడియో ఇరువది మెగాబైట్లున్న, దానికి రెండు వందల రూపాయలు. దినమునకు పది వచ్చినచో రెండువేలు. మనము వానిని చూడకున్నను లెక్క తప్పదు.

కావున ప్రయాణమునకు ముందు చేయదగిన పనులు కొన్ని గలవు. మొదటిది: సెట్టింగులలో “డేటా రోమింగు” అను మీటను ఆపివేయుట. దీనివలన పిలుపులు వచ్చుచునే యుండును. ఇంటర్నెట్టు మాత్రము పరాయి స్తంభముపై నడువదు. ఇంటిలో వైఫై తగిలించుకొని కడుపునిండ మాటలాడవచ్చును. రెండవది: వాట్సాపులో చిత్రములును వీడియోలును వాటంతట నవి దిగకుండ చేయుట. మూడవది: నెలకు మించి యుండువారు ఆ దేశపు సిమ్మునో ఇ-సిమ్మునో తీసికొనుట మేలు. కాని మన పాత సిమ్మును తీసి పాఱవేయరాదు. బ్యాంకువారి ఓటీపీలు దానికే వచ్చును. రెండు సిమ్ములు పట్టు ఫోను గొనిపోయి, పాతదానిని సందేశములకు మాత్రము ఉంచుకొనుడు. నాలవది: పొలిమేర యూళ్ళలో ఫోను తనంతట తాను స్తంభమును ఎన్నుకొనకుండ, మనమే కంపెనీ పేరు ఎన్నుకొని నిలుపుట. అయిదవది: ఓడలలోను విమానములలోను ఉపగ్రహము మీదుగా నడుచు ఫోను స్తంభములుండును. వాని ధరలు మఱింత హెచ్చు. ఐరోపా చట్టపు ధరల పరిమితియు వానికి వర్తింపదు. అచ్చట ఫోనును విమానపు మోడులో నుంచుటయే క్షేమము. ప్రమాదము కలిగినప్పుడు పిలువవలసిన 112 నంబరు మాత్రము ఆ మూడు దేశములందును పనిచేయును, దానికి జంకవలదు.

అన్నిటికంటె ముఖ్యమైనది ఇంటనున్న పెద్దవారితో చేసికొనవలసిన యేర్పాటు. వేసవిలో బాసెల్ గడియారము మన గడియారమునకు మూడున్నర గంటలు వెనుక. శీతకాలమున నాలుగున్నర గంటలు. ఏ గంటకు ఎవరు పిలువవలెనో, ఫోను పలుకనిచో ఎవరింటికి వార్త పంపవలెనో, కూతురి నంబరును అల్లుని నంబరును ఒక అట్టముక్కమీద పెద్ద యక్షరములతో వ్రాసి, దేవుని గూటివద్దనో బియ్యపు డబ్బామీదనో అంటించి రండి. ఊరగాయ జాడీకి వాసెనగుడ్డ కట్టుటలో మనము చూపు శ్రద్ధలో నాలవ వంతు దీనికి చూపిన చాలును. అటుపై నిశ్చింతగా ఎనిమిదవ నంబరు ట్రామెక్కి, త్రాటి పడవలో రైను దాటి, ఆ యెఱ్ఱరాతి గుడి వెనుక అరుగుమీద కూర్చుండి మూడు దేశముల కొండలను తనివితీర చూడవచ్చును.