ఒక్క చెట్టు కల్లు: రామగిరి గట్ల మీది సంపద

పెద్దపల్లి జిల్లా రామగిరి మండలంలో రెండు ఎత్తులు కంటికి ఆనుతాయి. ఒకటి రామగిరి ఖిల్లా. కాకతీయుల కాలం నుంచి చేతులు మారిన కోట, వనమూలికలకు పేరుపడ్డ గుట్ట, శ్రావణమాసంలో జనం తరలివచ్చే చోటు. రెండోది ఓపెన్‌కాస్టు బొగ్గుగని మట్టిదిబ్బ. సింగరేణి సెంటినరీ కాలనీ, అడ్రియాల లాంగ్‌వాల్ గని ఈ వైపువే. ఆ రెంటి నడుమ, పొలం గట్ల మీదా వాగు ఒడ్లనా నిలిచిన తాళ్లు (తాటిచెట్లు), ఈతచెట్ల గురించే నా మాట.

ఈ చెట్ల కల్లు విలువ చెప్పాలంటే ముందు స్కాచ్ సంగతి చెప్పాలి. స్కాట్లాండ్‌లో ఓక్ పీపాలో కనీసం 3 ఏండ్లు ఊరితే గాని విస్కీని స్కాచ్ అనరు. 1842లో మొదలైన కేడెన్‌హెడ్, 1895లో ఎల్గిన్‌లో పెట్టిన గోర్డన్ అండ్ మెక్‌ఫెయిల్ వంటి సంస్థలు డిస్టిలరీల నుంచి కొన్న సరుకును తమ పేరుతో సీసాల్లో నింపుతాయి. వేరే దేనితోనూ కలపకుండా ఒకే పీపాలోంచి నింపిన సీసాకు ప్రత్యేక గిరాకీ. ఆ పీపా ఒడిస్తే ఆ రుచీ ఒడిసినట్టే.

మన గౌడన్నలకు ఇది కొత్త సంగతి కాదు. కల్లు రుచి ఎరిగినోళ్లు కలిపిన కల్లు కోసం చూడరు, చెట్టు కిందికే పోతారు. "అన్నా, బాయికాడి తాటిది పొయ్యి" అని అడుగుతారు. పోతుతాడుకు పూగెల గీస్తారు, పండుతాడుకు లేతకాయల గెల. ఒకదాని రుచి ఇంకోదానికి రాదు.

ఈతచెట్టును దగ్గరికి పోయి చూడాలి. మొవ్వు కింద మట్టలు కొట్టి బోదె చెక్కుతారు. ఒక ఏడు ఒక పక్క, మరుసటేడు ఎదురు పక్క. అందుకే బోదె మెట్లుమెట్లుగా వంకరపోతుంది. ఆ గాట్లు లెక్కపెడితే ఎన్నేండ్లు గీశారో తెలుస్తుంది. కత్తి పలచగా ఆడాలి; లోతుగా పడితే చెట్టుకే దెబ్బ. లొట్టికి లోపల సున్నం పూస్తే తియ్యని నీరా, పూయకుంటే గంటల్లోనే పులిసి కల్లు. మర్నాటికి పుల్లబడుతుంది. స్కాచ్‌కు వయసు పీపాలో వస్తే కల్లుకు చెట్టులోనే వస్తుంది. తాడు గీతకు రావడానికి పదిహేను, ఇరవై ఏండ్లు పడుతుంది.

ఈ వారసత్వాన్ని చెడగొట్టింది కల్తీ. క్లోరల్ హైడ్రేట్, ఆల్ప్రజోలం కలిపిన నీళ్లను కల్లని అమ్మడం ప్రాణాలతో ఆడుకోవడమే. చెట్టు పేరు చెప్పి పోసే కల్లులో ఆ మోసానికి తావు తక్కువ. మోకు మీద ప్రాణం పెట్టి ఎక్కే గీత కార్మికుడికి 2024 జులైలో రాష్ట్ర ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం అనే చెట్టెక్కే భద్రతా సామగ్రి ఇవ్వడం మొదలుపెట్టింది. అది ఆలస్యంగానైనా జరిగిన మంచి పని.

బొగ్గు కోసం భూమి పోయినచోట గట్టూ పోతుంది, గట్టు మీది తాడూ పోతుంది. పరిహారం పైసల్లో వస్తుంది గాని ఇరవై ఏండ్ల చెట్టు రాదు. సింగరేణి మట్టిదిబ్బల మీద మొక్కలు నాటుతూనే ఉంది. ఆ మొక్కల్లో ఈత, తాటి కూడా ఉండాలి, వాటిని గీసే హక్కు చుట్టుపక్కల ఊళ్ల గౌడ సంఘాలకే ఇవ్వాలి.