కడపటి సంచిక

మేము ఎం.ఏ. చదివే రోజులలో, వసతిగృహంలో ఒక మిత్రుని వలన బీటిల్స్ బృందం వారి 'అబీ రోడ్' ఆల్బమ్ వినడం తటస్థించింది. ఆ మిత్రుడూ మేమూ కలసి ఒక గోడపత్రిక నడిపేవారము.

1969 జనవరిలో ఆ నలుగురు గాయకులు కలహాల నడుమ సాగించిన 'లెట్ ఇట్ బి' పని అసంపూర్తిగా మూలబడి, వారు విడిపోయిన పిదప 1970 మే నెలలో వెలువడింది. విడుదలలో కడపటిది అదే. కాని నలుగురూ చివరిగా పూనుకొని పూర్తిచేసిన ఆల్బమ్ 1969 సెప్టెంబరులో వచ్చిన 'అబీ రోడ్'. అప్పటికే మనసులు విరిగినవి. అయినా లండన్ స్టూడియోలో, నిర్మాత జార్జ్ మార్టిన్ పర్యవేక్షణలో, అరకొరగా మిగిలిన పాటల తునకలను రెండవ వైపున ఒకే మాలగా గుచ్చారు. ఆ మాల చివర 'ది ఎండ్' అనే పాటలో మెకార్ట్నీ, హారిసన్, లెనన్ వంతులవారీగా గిటారు వాయిస్తారు. ఒకరి వంతును మరొకరు ఆక్రమించరు.

మేమో, ఒక మాటపట్టింపుతో కడపటి సంచికను సగంలో వదలి విడిపోయాము. తెల్లకాగితం అంటించిన ఆ గోడ నేటికీ మా కన్నులలో మెదలుతుంది. విడిపోయినందుకు అంతగా విచారం లేదు. ఆ సంచికను పూర్తిచేయనందుకే చింత.

విద్యార్థి మిత్రులారా! ఎడబాటు ఒక్కొక్కప్పుడు తప్పదు. చేపట్టిన పనిని మాత్రం ముగించి విడిపోండి.