రెండు 56లు

జనవరి 7, 2025

ఒకే ల్యాబు నుంచి వచ్చిన రెండు కాగితాల మీద ఇవాళ ఒకే అంకె. ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీల వడపోత అంచనా, 56. ఒకటి కవిటి వైపు నుంచి వచ్చిన మామ్మది. 74 ఏళ్లు, క్రియాటినిన్ 1.05. రెండోది పలాసలో జీడిపిక్కలు కాల్చే చోట పనిచేసే ఆయనది. 38 ఏళ్లు, క్రియాటినిన్ 1.6. ల్యాబువాళ్లు రెండింటి పక్కనా ఒకేలా చుక్క పెట్టారు: 60కి తక్కువ.

మామ్మ కుర్చీలో కూర్చోకుండానే అడిగింది. "ఏటి బాబూ, నాకూ కిడ్నీలు పోనాయా?" కిడ్నీ జబ్బుకు పేరుపడ్డ ఈ ఉద్దానంలో ఆ ప్రశ్న ఊరికే పుట్టదు. ఆవిడ తోటికోడలు డయాలసిస్ చేయించుకుంటూనే పోయింది. రెండో ఆయన ఏమీ అడగలేదు. పూట కూలి పోతుందని గోడ గడియారం చూస్తున్నాడు. నాకు భయం వేసింది మాత్రం ఆయన కాగితం చూసే.

ఇద్దరికీ ఇవాళ ఏ పేరూ పెట్టలేదు. మూడు నెలలకు మించి నిలిస్తేనే దీర్ఘకాలిక జబ్బు అనాలి. ఈజీఎఫ్ఆర్ నేరుగా కొలిచేది కూడా కాదు. క్రియాటినిన్, వయసు, ఆడా మగా అన్నవి సూత్రంలో వేసి రాబట్టే అంచనా. క్రియాటినిన్ కండలోంచి వస్తుంది. ముందురాత్రి మాంసం తిన్నా, ఎండలో పనిచేసి నీళ్లు తాగకపోయినా పెరుగుతుంది. మళ్లీ పరీక్షకు వచ్చే ముందురోజు నీచు మానమన్నాను. "సేపలు కూడానా బాబూ?" అంది మామ్మ. చేపలు కూడా. ఆవిడ మొహం చూస్తే కిడ్నీ సంగతి కంటే ఇదే పెద్ద దెబ్బలా ఉంది.

జనవరి 8, రాత్రి

పాత జర్నళ్లు ముందేసుకున్నాను. 2017లో మేయో క్లినిక్ వాళ్లు ప్రచురించిన లెక్క మళ్లీ చదివాను. వాళ్లు చూసింది రోగుల కిడ్నీలు కావు. అన్ని పరీక్షలూ నెగ్గి కిడ్నీ దానం చేసినవాళ్లవి. 18-29 ఏళ్ల దాతల్లో ఒక్కో కిడ్నీలో రక్తాన్ని వడపోసే గ్లోమెరులస్‌లు, మచ్చపడనివి, సుమారు 9.9 లక్షలు. 70-75 ఏళ్లవాళ్లలో 5.2 లక్షలు. దాదాపు సగం పోయాక కూడా ఆ పెద్దవాళ్లు దాతలుగా పనికివచ్చారు. మా మామ్మ కాగితం మీద చుక్క పెట్టినవాడికి ఈ పట్టిక చూపించాలి.

నలభై దాటాక ఏడాదికి సుమారు ఒక మిల్లీలీటరు చొప్పున వడపోత తగ్గుతుందని చదువుకునే రోజుల్లోనే చెప్పారు. కానీ బాల్టిమోర్‌లో ఏళ్ల తరబడి ఒకే మనుషుల్ని వెంబడించి 1985లో ప్రచురించిన అధ్యయనంలో మూడోవంతు మందికి వయసుతో ఏ తగ్గుదలా కనిపించలేదు. అందుకే "వయసు కదా, అంతే" అని చేతులు దులుపుకోవడం నాకు నచ్చదు. తగ్గడం మామూలే, అందరికీ తప్పనిదేం కాదు. ఈ రెండూ ఒకేసారి నిజం కావడమే చిక్కు.

జనవరి 21

మూత్రం, స్కానింగ్ రిపోర్టులు వచ్చాయి.

మామ్మకి అల్బుమిన్, క్రియాటినిన్ల నిష్పత్తి 12. ముప్పై లోపు, మంచిదే. రక్తకణాల్లేవు. హిమోగ్లోబిన్, పొటాషియం బాగున్నాయి. స్కానింగ్‌లో ఎడమ కిడ్నీలో చిన్న నీటితిత్తి ఉందని రాశారు. దానికీ బెంగ పెట్టుకుంది. ఈ వయసులో చాలామందికి ఉండేదే, పట్టించుకోవద్దన్నాను.

ఆయన నిష్పత్తి 18. అదీ ముప్పై లోపే! వేరే ఊళ్లో అయితే ఈ కాగితం చూసి డాక్టరు తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటాడేమో. 1827లో లండన్‌లో రిచర్డ్ బ్రైట్ మూత్రాన్ని చెంచాలో వేడిచేసి, తెల్లగా విరిగితే కిడ్నీ జబ్బని పట్టుకున్న నాటినుంచి వైద్యం అల్బుమిన్‌నే నమ్ముకుంది. ఉద్దానం జబ్బు దగ్గర ఆ నమ్మకం పనిచేయదు. ఇది ముందు గ్లోమెరులస్‌ల జోలికి పోదు, వాటి కింది సన్నటి గొట్టాలనూ చుట్టూ ఉన్న కణజాలాన్నీ తింటుంది. అల్బుమిన్ కొద్దిగానే పోతుంది, లేదా అసలు పోదు. కాళ్లు వాచవు. షుగరుండదు, బీపీ చాలాకాలం మామూలుగానే ఉంటుంది. నీరు, ఎండదెబ్బ, పురుగుమందులు అంటూ అనుమానాలెన్నో, ఏ ఒక్కటీ కచ్చితంగా రుజువు కాలేదు. ఆయన పొటాషియం 3.3, తక్కువే. కిడ్నీలు కాస్త చిన్నవి, స్కానింగ్‌లో ఉండాల్సిన దానికంటే తెల్లగా కనిపిస్తున్నాయి. బీపీ 118/76.

ఈయన వయసుకు వడపోత 100 చుట్టుపక్కల ఉండాలి. మామ్మ 56కి చేరడానికి ముప్పై ఏళ్లకు పైగా పట్టి ఉంటుంది. ఈయనకు ఎన్నాళ్లు పట్టింది? పాత రిపోర్టు ఒక్కటి ఉన్నా వాలు తెలిసేది. లేదు. జ్వరమొచ్చినప్పుడు కూడా ఎవరూ క్రియాటినిన్ రాయలేదు.

ఫిబ్రవరి 2, ఆదివారం

విశాఖలో నెఫ్రాలజిస్టుగా ఉన్న క్లాస్‌మేట్‌తో ఫోన్లో గొడవ. వాడి వాదన: ప్రపంచమంతా పాటించే కేడీఐజీఓ మార్గదర్శకాల్లో వయసును బట్టి గీత మారదు, 60 అంటే 60. నా వాదన: 65 దాటినవాళ్లకు గీతను 45కి దించాలని 2019లో యూరప్ నెఫ్రాలజిస్టులు కొందరు రాసింది సబబు. నలభై లోపువాళ్లకు దాన్ని 75కి పెంచమన్నారు, అది ఇంకా సబబు. కెనడాలోని ఆల్బర్టా లెక్కల్లో కూడా, అల్బుమిన్ పోకుండా 45-59 మధ్య ఉన్న పెద్దవాళ్లకు కిడ్నీలు పూర్తిగా దెబ్బతినే ముప్పు 60 దాటినవాళ్లతో ఇంచుమించు సమానమే.

"అయితే నొప్పిబిళ్లలు రాసిచ్చెయ్" అన్నాడు వాడు. అక్కడ దొరికిపోయాను. జబ్బు కాకపోయినా వయసు మళ్లిన కిడ్నీలో మిగులు తక్కువ. విరేచనాలు పట్టుకున్నా, మోకాళ్లకని వారంపాటు డైక్లోఫెనాక్ మింగినా మామ్మ కిడ్నీ కుర్రవాళ్ల కిడ్నీలా తట్టుకోదు. పైగా ఆవిడ బరువు 39 కిలోలు, కండ లేదు. క్రియాటినిన్ తక్కువగా చూపించి 56ని ఉన్నదానికంటే బాగా కనబడేట్టు చేస్తూ ఉండొచ్చు. సిస్టాటిన్-సి చేస్తే తేలుతుంది, అది కండ మీద ఆధారపడదు. మా ఊరి ల్యాబులో చేయరు, బయటికి పంపాలి. పంపితే నేను రాసే మందుల్లో ఏం మారుతుంది? ఏమీ మారదు. మానేశాను.

ఆవిడ పుస్తకంలో జబ్బు పేరు రాయను. "నొప్పిబిళ్లలు ఇవ్వొద్దు" అని మాత్రం ఎర్రసిరాతో రాస్తాను, ఇంకో డాక్టరు దగ్గరికెళ్లినా కనబడేలా.

ఏప్రిల్ 15

మామ్మ: క్రియాటినిన్ 1.02, ఈజీఎఫ్ఆర్ 58. పెరిగిందని సంబరపడనక్కర్లేదు, రోజుకీ రోజుకీ ఉండే తేడానే. ఏడాదికోసారి చూపించుకుంటే చాలన్నాను. "మరి మోకాళ్లకి ఆ తెల్లబిళ్ల?" అది కాదు, పారాసెటమాల్. పెదవి విరిచింది. ఏడాది దాకా రానక్కర్లేదన్న మాట ఆవిడకి వైద్యంలా అనిపించినట్టు లేదు, ఏదైనా టానిక్కు రాయమంది. రాయలేదు.

ఆయన: 1.8. ఈజీఎఫ్ఆర్ 49. మూడు నెలల్లో ఏడు పోయాయి. నీచు తినలేదు, నిన్న పనికీ వెళ్లలేదట. ఇక అనుమానం లేదు. పలాసలో నెఫ్రాలజిస్టుకు ఉత్తరం రాశాను. బయాప్సీ చేయొచ్చనీ, బట్టీ దగ్గర పని మానితే మంచిదనీ చెప్పాను. మానితే ఇల్లు ఎలా గడుస్తుందో ఆయన అడగలేదు, నా దగ్గర జవాబూ లేదు. నీళ్లు ఎంత తాగాలి, పనిలో ఎప్పుడెప్పుడు ఆగాలి, ఏ మందులు ముట్టకూడదు అన్నవి మాత్రం చెప్పగలిగాను.

లేచి వెళ్తూ ఒక్కటి అడిగాడు. "మా తమ్ముడూ అక్కడే పనిసేత్తన్నాడు. ఆడికేటీ లేదు, బాగానే ఉన్నాడు. ఆడికీ సూపించాలా?"

ఈ గురువారమే పంపమన్నాను. బుధవారం నీచు తినొద్దని, పని మీంచి తిన్నగా కాకుండా పొద్దున్నే రమ్మని చీటీ వెనక రాసిచ్చాను.