గెడ్డ ఎదురెక్కే చేప

తొలకరి వాన గట్టిగా పడిన రాత్రి మా ఊళ్లో ఎవరికీ నిద్ర పట్టదు. చినుకు చప్పుడు తగ్గగానే చెవులన్నీ గెడ్డ వైపే ఉంటాయి. నీళ్ల మోత మారితే చాలు, ఎవరో ఒకరు "చేప ఎదురెక్కుతోందిరా" అని కేక వేస్తారు. టార్చిలైట్లు, వెదురు మావులు, చిరిగిన దోమతెరలు పట్టుకుని పిల్లా పెద్దా అందరం పరుగు తీస్తాం. క్యాలెండరులో లేని పండగ మాకు అదొక్కటే.

మాది పాడేరు కొండల్లో గెడ్డ ఒడ్డు ఊరు. మా గెడ్డ చిన్నది. ఎండాకాలం రాళ్ల మధ్య సన్నగా పారుతుంది. అది పోయి మత్స్యగెడ్డలో కలుస్తుంది. మత్స్యగెడ్డ కిందికి పోయి సీలేరు అవుతుంది. సీలేరు శబరిలో కలుస్తుంది, శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. మా ఇంటి ముందు నీళ్లు అంత దూరం పోతాయని మాకు బడికి వెళ్లాకే తెలిసింది. చేప మాత్రం ఆ దారిని బడికి వెళ్లకుండానే నేర్చుకుంది.

వరద నీటిలో చేప పైకి ఎందుకు వస్తుందని చిన్నప్పుడు తాతను అడిగాం. "పురుటికి ఆడపిల్ల పుట్టింటికి రాదా? ఇదీ అంతే" అన్నాడు. కొత్తనీరు దిగగానే పరిగెలు, జెల్లలు కడుపు నిండా గుడ్లతో పైకి వస్తాయి. లోతు లేని చోట, గులకరాళ్ల మీద, పొలాల్లోకి పొర్లిన నీటిలో గుడ్లు పెడతాయి. తాత మావు వేసేటప్పుడు గెడ్డకు అడ్డంగా రాళ్లు పేర్చేవాడు. కానీ ఒక పక్క మూరెడు దారి వదిలేవాడు. ఎందుకు వదిలావని అడిగితే, "పుట్టింటి గుమ్మంలో కాపు కాసి పిల్లను పట్టుకుంటామా? మనకు దొరికింది మనది, పోయేది దానిది" అనేవాడు. ఆ మాట మాకు అప్పుడు నవ్వుగా ఉండేది.

మేము పెద్దయ్యాక ఆ మూరెడు దారి మూసేశాం. దోమతెర కడితే వేలెడు పిల్ల కూడా తప్పించుకోదు. ఒక్క రాత్రికి రెండు బుట్టలు నిండేవి. ఎండబెట్టి కొంత దాచుకుని, కొంత సంతకు పట్టుకెళ్లేవాళ్లం.

దాచకుండా చెప్పాల్సిన విషయం ఇంకొకటి ఉంది. మా వాళ్లలో ఒకరి పెళ్లికి కూర చాలదని, ఊరి కింద గుండంలో బ్లీచింగ్ పౌడర్ కలిపాం. కలిపింది బయటివాళ్లు కాదు, మేమే. కాసేపటికి గుండం అంతా తెల్లగా తేలింది. పెద్ద చేపలను ఏరుకున్నాం. మిగిలిన చిన్న పిల్లలు, రొయ్యలు, పీతలు, కప్పపిల్లలు రెండు రోజులు ఒడ్డున కుళ్లాయి. పాత రోజుల్లో మంగకాయ దంచి మడుగులో కలపడం మా పెద్దలకూ తెలుసు. కానీ అది ఏడాదికి ఒకసారి, ఎండాకాలం, ఊరంతా కలిసి ఒక్క మడుగులోనే చేసేవాళ్లు. పారే నీరు తగిలితే మత్తు దిగి మిగిలినవి తేరుకునేవని తాత చెప్పేవాడు. బ్లీచింగ్ వేశాక తేరుకోవడానికి ఏమీ మిగల్లేదు. మరుసటి ఏడు తొలకరికి మేము మావులు పట్టుకుని తెల్లారేదాకా కూర్చున్నాం. నాలుగు పరిగెలు పడ్డాయి. ఆ రాత్రి ఎవరమూ ఏమీ మాట్లాడుకోలేదు.

తప్పంతా మాదే అని కూడా అనలేం. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం వచ్చింది. తర్వాత కింద బలిమెల, డొంకరాయి ఆనకట్టలు లేచాయి. కింది నుంచి వచ్చే చేప గోడ ఎక్కలేదు కదా. కొండవాలులో అడవి పలచబడి, మొదటి వానకే బురద దిగి గుడ్ల మీద పేరుకుంటోంది. చేలలో కొట్టిన పురుగుమందు కూడా గెడ్డలోకే వస్తోంది. ఇవన్నీ నిజమే. అయితే ఆనకట్టను మేము కదిలించలేం. దోమతెరను తీసేయగలం.

ఈ ఆలోచన మాకు బడిలో మొదలైంది. మాకు సైన్సు చెప్పిన సారు ఒకరోజు అమెరికా పడమటి తీరంలో ఉండే స్టీల్‌హెడ్ అనే చేప గురించి చెప్పారు. అది నదిలో పుడుతుంది, సముద్రానికి పోయి పెరుగుతుంది, గుడ్లు పెట్టడానికి మళ్లీ పుట్టిన నదికే ఎదురెక్కి వస్తుంది. సాల్మన్‌లో చాలా రకాలు గుడ్లు పెట్టి చచ్చిపోతాయి. స్టీల్‌హెడ్‌లో కొన్ని బతికి సముద్రానికి తిరిగి వెళ్లి, ఇంకోసారి కూడా వస్తాయి. మేము వెంటనే "సార్, మా తాత చెప్పిన పుట్టింటి పిల్ల ఇదే" అన్నాం.

ఆ దేశంలో ఎల్వా అనే నది ఉంది. 1913లో ఒకటి, 1927లో ఒకటి దాని మీద రెండు ఆనకట్టలు కట్టారు. చేప పైకి పోవడానికి దారి పెట్టలేదు. దిగువన ఉండే క్లాలమ్ అనే ఆదివాసీలు ఆ చేపల మీద బతికినవాళ్లు. ఆనకట్టలు తీసేయాలని వాళ్లు ఎన్నో ఏళ్లు పోరాడారు. 2011లో కూల్చడం మొదలై 2014లో పూర్తయింది. స్టీల్‌హెడ్‌లు దాదాపు వందేళ్ల తర్వాత పై నీళ్లకు చేరాయి. మాకు నచ్చింది దాని తర్వాతి సంగతి. దారి తెరుచుకున్నా వాళ్లు వెంటనే వల వేయలేదు. నది తేరుకోవాలని చేపల వేట ఆపుకున్నారు. 2023లోగానీ కోహో అనే ఒక రకం సాల్మన్‌ను కొద్దిగా పట్టుకోలేదు. పట్టే హక్కు ఉన్నవాళ్లే పన్నెండేళ్లు ఆగారు.

మరి మన దగ్గర అలాంటిది లేదా? ఉంది. హుకుంపేట మండలంలోని మత్స్యగుండానికి శివరాత్రి జాతరకు మేము చిన్నప్పటి నుంచీ వెళ్తున్నాం. అక్కడ చేపలు మనిషిని చూసి పారిపోవు, మేత కోసం దగ్గరికి వస్తాయి. ఎవరూ వాటిని పట్టరు, తినరు. బ్లీచింగ్ కలిపిన మా చేతులే అక్కడ దండం పెట్టాయి. అక్కడి చేపకు దేవుడు కాపలా ఉన్నాడు. మా గెడ్డలో చేపకు ఎవరున్నారు?

ఇదే మాట ఊరి మీటింగులో పెట్టాం. వెంటనే ఒక పిన్ని లేచి, "మీరు కాలేజీకి పోయి మెస్సులో గుడ్డు తింటారు. వానాకాలం మా పిల్లలకు ఆ చేపే కూర. ఆపమంటే ఏం పెట్టమంటారు?" అని అడిగింది. మా దగ్గర సమాధానం లేదు. ఒక మావయ్య, "మనం వదిలితే కింది ఊరోళ్లు పట్టుకుంటారు. అప్పుడు పిచ్చివాళ్లం ఎవరం?" అన్నాడు. అదీ నిజమే. రెండు మీటింగులు గొడవతోనే ముగిశాయి.

మూడోసారి ముందుగా తాతను మాట్లాడమన్నాం. ఆయన పాత లెక్క చెప్పాడు. పూర్తిగా ఆపక్కర్లేదు, మూరెడు దారి చాలు అన్నాడు. చివరికి నాలుగు మాటలకు అందరం ఒప్పుకున్నాం. మొదటి వరద దిగిన వారం రోజులు మావు వేయకూడదు. తర్వాత వేసినా ఒక పక్క దారి వదలాలి. దోమతెర, బ్లీచింగ్, కరెంటు తీగ గెడ్డలోకి రాకూడదు. ఊరి కింద గుండాన్ని ఎవరూ ముట్టకూడదు. కింది ఊళ్లు మూడింటికి పోయి ఇదే చెప్పాం. అక్కడ మా ఆడపడుచులు ఉన్నారు కాబట్టి కూర్చోబెట్టి విన్నారు. రెండు ఊళ్లు సరే అన్నాయి. మూడోది ఇంకా చూద్దాం అంటోంది.

చట్టం కూడా మనకు తోడుగా ఉంది. మందుగుండుతో, విషంతో చేపలు చంపడం నేరమని 1897 నాటి మత్స్య చట్టమే చెప్పింది. 2006 అటవీ హక్కుల చట్టం అడవి బిడ్డలకు పోడు పట్టా ఒక్కటే ఇవ్వలేదు. నీళ్లలో దొరికే చేపల మీద సామూహిక హక్కు కూడా అందులో ఉంది. నీటి వనరులను కాపాడే బాధ్యతను గ్రామసభకు అప్పగించింది కూడా ఆ చట్టమే. హక్కు గురించి మనం చాలాసార్లు మాట్లాడుకున్నాం. బాధ్యత ఉన్న పేజీని మేము ఆలస్యంగా చదివాం.

ఈ ఏడు తొలకరి రాత్రి మేము టార్చిలైట్లు మాత్రమే పట్టుకుని వెళ్లాం. చేతిలో మావు లేకుండా గెడ్డ ఒడ్డున నిలబడడం కొత్తగా, కొంచెం సిగ్గుగా కూడా అనిపించింది. చాలాసేపు ఏమీ కనబడలేదు. తర్వాత రాయి పక్క నీటిలో ఏదో మెరిసింది. ఒకటి, రెండు, మరికొన్ని. ఎన్నని లెక్కపెట్టలేకపోయాం, ఎక్కువని మాత్రం చెప్పలేం. ఇంటికొచ్చి చెబితే తాత, "కడుపుతో ఉన్నాయా?" అని ఒక్కటే అడిగాడు. ఉన్నాయన్నాం. ఆ తర్వాత మూడో రోజు తెల్లారి చూస్తే పై మలుపులో ఎవరో రాత్రికి రాత్రి దోమతెర కట్టారు. విప్పి తెచ్చి రచ్చబండ మీద పెట్టాం. ఎవరిదని అడగలేదు. సాయంత్రానికి దాన్ని ఎవరో తీసుకుపోయారు. మళ్లీ కట్టలేదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ ఊళ్లోనూ గెడ్డో వాగో ఉంటుంది. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు తాతలను, అవ్వలను కూర్చోబెట్టి, వాళ్ల చిన్నప్పుడు అందులో ఏయే చేపలు ఉండేవో మన భాషలో పేర్లు రాసుకోండి. ఇప్పుడు కనబడుతున్న వాటి పక్కన గీత పెట్టండి. మేము రాస్తే పంతొమ్మిది పేర్లు వచ్చాయి, ఏడింటికే గీత పడింది. మాస్టార్లకు ఒక మనవి. పిల్లల చేత ఆ పట్టిక బడి గోడ మీద రాయించండి, ఏటా తొలకరి తర్వాత సరిచూడండి. మా ఊరి బడి గోడ మీద పన్నెండు పేర్ల పక్కన ఖాళీ ఉంది. వచ్చే తొలకరికి అందులో ఒక్కదాని పక్కనైనా గీత పెట్టాలని కాచుకుని ఉన్నాం.